ధర్మసమ్మతమైన వ్యాయామ దుస్తులు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఒడియా గడ్డపై తెలుగు అక్షరదీపాన్ని డెబ్బదియైదు సంవత్సరాలు కొండెక్కనీయక కాపాడిన మహనీయులను గూర్చి నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా చెప్పియున్నారు. నేను ఒక చిన్న విషయాన్ని మీ ముందుంచదలచాను. ఈ జూబిలీ సందర్భంగా పిల్లలందరికీ కొత్త వ్యాయామ దుస్తులు సమకూర్చవలెనని పూర్వ విద్యార్థులు సంకల్పించారు. వారి ఔదార్యానికి కృతజ్ఞతలు. అయితే వాటిని ఎక్కడ కొనవలెను అన్నప్పుడు “ఎక్కడ చవకయో అక్కడ” అనే సమాధానం అందరి నోటా సులభంగా వచ్చును. ఆ చవక ఎవరి కష్టం మీద నిలిచినదో విచారించి, పిమ్మట కొనుట విద్యాలయానికి తగిన పని అని నా మనవి.

బట్ట మనకు పరాయి వస్తువు కాదు. బరంపురానికి పట్టునగరమని పేరు తెచ్చినది ఇచ్చటి నేతగాళ్ల మగ్గమే. తెలుగు నాట నుండి వచ్చి స్థిరపడిన దేరా నేతవారు తరతరాలుగా నేసిన బరంపురం పట్టుకు నేడు భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. బడా బజారులో బట్ట కొన్న మన పెద్దలకు నేసినవాని వీధి తెలిసియుండెడిది. నేడు పిల్లవాడు తొడిగిన టీ షర్టు ఏ ఊరిలో అల్లబడినదో, ఎవరు కుట్టినారో, వారికి ఎంత ముట్టినదో అమ్మినవానికి సైతం తెలియదు. ఈ తెలియనితనమే అన్యాయానికి చాటు.

దీని ఫలితమేమో మన జిల్లా ఎరుగును. గంజాం నుండి వేలాది యువకులు దశాబ్దాలుగా సూరత్ మరమగ్గాలకు వలసపోవుచున్నారు. చెవులు చిల్లులుపడే మోతలో పండ్రెండేసి గంటల పని, ఇరుకు గదులలో వంతులవారీ నిద్ర. 2020లో కరోనా వేళ మగ్గాలు ఆగినప్పుడు వారు రైళ్ల నిండా తిరిగివచ్చిన దృశ్యం మనమెవరమూ మరువలేదు. అంగడిలో మెరిసే పాలియెస్టరు జాతి బట్టలకు ఆ సూరత్ ప్రధాన కేంద్రం. చవక బట్ట వెనుక ఉన్నది మన ఇరుగుపొరుగు బిడ్డ చెమటయే కావచ్చును.

ఇక అల్లిక బట్టకు పేరొందిన తిరుప్పూరు సంగతి. అద్దకపు మురికినీటితో నొయ్యల్ నది పాడైపోగా, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అచ్చటి అద్దకపు కర్మాగారాలను మూయించవలసివచ్చినది. తమిళనాడు నూలు మిల్లులలో కొన్ని “సుమంగళి” అను పేరుతో పేద బాలికలను మూడేండ్ల పనికి కుదుర్చుకొని, పెండ్లి ఖర్చుకు చివర మొత్తంగా సొమ్ము ఇచ్చెదమని ఆశపెట్టినవి. నడుమ పని మానిన బాలికకు ఆ సొమ్ము దక్కెడిది కాదు. బాలికలకు చదువు చెప్పే మనము ఈ మాట విని ఊరకుండరాదు.

బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా అను భవనం కూలి 1,134 మంది మరణించారు. ముందునాడే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులలోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. దుస్తులు కుట్టే కార్మికులను మాత్రం మరునాడు పనిలోనికి రప్పించారు. ఆ పిమ్మట రెండు వందలకు పైగా కంపెనీలు భవనాల భద్రతకై చట్టబద్ధమైన ఒడంబడికపై సంతకం చేసినవి. కార్మికులు కోరినది పని పోవుట కాదు, ప్రాణభద్రత. కనుక కొనుట మానుట పరిష్కారం కాదు, అడిగి కొనుటయే పరిష్కారం.

ఏమి అడుగవలెను? సేంద్రియ వస్త్రాలకు సంబంధించిన గాట్స్ ముద్ర ఉన్న బట్టలో కనీసం 70 శాతం సేంద్రియ నూలు ఉండవలెను. బాలకార్మికులతో, నిర్బంధంతో పని చేయించరాదు. ముద్రతోపాటు ఉండే అనుమతి సంఖ్యను ఎవరైనను సరిచూసుకొనవచ్చును. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర పత్తిరైతుకు కనీస ధర దక్కినదని తెలుపును. 2006లో ప్రారంభమైన చేనేత ముద్ర, బట్ట చేతిమగ్గంపై నేసినదని చెప్పును. అయితే అది కుట్టినవారి కూలి సంగతి చెప్పదు. కనుక ఏ ముద్రయూ మన విచారణకు బదులు కాజాలదు. ముద్ర ఏదియూ లేక “పర్యావరణహితం” అని అచ్చువేసిన చీటీకి విలువలేదు.

ముద్రలున్న దుస్తులు ఖరీదైనవి. పేద తల్లిదండ్రులపై ఆ భారం మోపుట కూడ అధర్మమే. అందుచే నా సూచన ఇది. యోగాసనాలకు, డ్రిల్లుకు చేనేత నూలుబట్ట కొని, ఈ ఊరి దర్జీల చేత, స్వయం సహాయక బృందాల మహిళల చేత కుట్టించెదము. మన కళ్లెదుటనే కూలి మాట్లాడి, ఆ కూలిని పద్దులో ప్రత్యేకంగా వ్రాసి తల్లిదండ్రులకు చూపెదము. నేతబట్ట సాగదు గనుక కొలత వదులుగా తీసి, చంకలో అదనపు ముక్క వేయించవలెను. పరుగుపందెమునకు, కబడ్డీకి అల్లిక బనియను తప్పదు. వాటిని మాత్రం ముద్ర సరిచూచి కొనెదము. రెండు చవక జతల స్థానే ఒక గట్టి జత ఇచ్చి, చిరిగినచోట కుట్టుకొనుట పిల్లలకు నేర్పెదము. అన్నకు పొట్టియైనది తమ్మునికి అందించుట మన ఇండ్లలో సిగ్గుపడవలసిన పని ఎన్నడూ కాదు.

ఇట్టి విచారణ మన ఊరికి కొత్త కాదు. 1894లో ఈ బరంపురంలోనే జన్మించిన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు రైల్వే కార్మికుల పక్షాన నిలిచిన నాయకులు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవిని విడిచిన ధీరులు. పిదప రాష్ట్రపతి పీఠమధిష్ఠించిన ఆ మహనీయుని పేరు పాఠంలో చదివించి, కార్మికుని కూలి తరిగిన దుస్తులను పిల్లలకు తొడిగించినచో మన పాఠము పుస్తకములోనే మిగులును.

పూర్వ విద్యార్థులను నేను కోరునది అధిక విరాళం కాదు. ఇచ్చిన విరాళం ఎవరెవరి చేతికి చేరినదో మమ్ములను అడుగుడు. తల్లిదండ్రులు అంగడిలో అడుగుడు. తన దుస్తులు ఎవరు కుట్టినారో చెప్పగలిగిన పిల్లవాడు రేపు యజమాని అయినను, ఉద్యోగి అయినను ఒకరి కష్టాన్ని తేలికగా చూడడు. వ్యాయామము దేహమునకు బలమిచ్చును. ఆ బలము మరియొకరి దేహమును పీల్చి వచ్చినది కాకూడదు.