టాయ్ ట్రైన్ ఎందుకు తప్పిపోయిందంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరింగ్ గురించి పిల్లలకు పనికొచ్చేట్టు ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. మాట్లాడతాను. కానీ అంతకంటే ముందు ఒక పాత బాకీ ఉంది. 1983 జనవరిలో మా తొమ్మిదో తరగతిని హైదరాబాదు ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్ళారు. ఆ రోజు జూపార్కులో నలభై మందిమి టాయ్ ట్రైన్ ఎక్కకుండానే వెనక్కి వచ్చాం. ఇప్పటికీ మా బ్యాచ్‌లో ఏ పెళ్ళిలో నలుగురు కలిసినా, "ఎవడురా ఆ రోజు రాయి వేసింది" అన్న ప్రశ్న రాకుండా ఉండదు. అనుమానం మీద ఇద్దరు ముగ్గురు నలభై రెండేళ్ళుగా మాటలు పడుతున్నారు. వాళ్ళూ ఇక్కడే ఉన్నారు. రాయి వేసింది నేనే.

సంగతి ఇది. సంక్రాంతి పోయిన వారమే కాబట్టి అందరి సంచుల్లోనూ సకినాలు, అరిసెలు. రాత్రి ఆర్టీసీ స్పెషల్ బస్సులో బయల్దేరాం. సూర్యాపేట దాటేసరికి సగం బస్సుకు వాంతులు. పొద్దున్నే జూ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం, సాయంత్రం బిర్లా మందిర్ అని సైన్సు సారు కాగితం మీద టైములతో సహా రాసుకున్నారు. జూలో చివరి కార్యక్రమం టాయ్ ట్రైన్. మా దృష్టిలో జూ అంటే ఆ రైలే. మిగతావన్నీ రైలు దాకా వెళ్ళే దారిలో అడ్డం.

మొసళ్ళ దగ్గరికొచ్చాం. నీళ్ళ ఒడ్డున ఒకటి నోరు తెరుచుకుని ఎండలో పడుకుని ఉంది. కదలదు, మెదలదు. సిమెంటు బొమ్మ అని ఒకడు, చచ్చిపోయిందని ఇంకొకడు. పందెం పిప్పరమెంటు బిళ్ళలు. నా నిక్కరు జేబులో దారిలో ఏరుకున్న కంకర రాయి ఉంది. వేశాను. దవడ పక్కన తగిలింది. అంత పెద్ద మొసలి ఒక్క క్షణంలో నీళ్ళలోకి జారిపోయింది. మేం చప్పట్లు కొట్టాం.

సారు వెనక్కి తిరిగి "ఎవరు?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన చేతిలో ఆ రోజు బెత్తం కూడా లేదు. నెమ్మదిగా చెప్పారు: "అది పొద్దుట నుంచి ఎండ సంపాదించుకుంటోంది. మనకులాగా దాని ఒంట్లో వేడి దానంతట అది పుట్టదు. ఎండలో కాగితేనే తిన్నది అరుగుతుంది. దాని పొద్దుటి సంపాదన అంతా మీరు నీళ్ళపాలు చేశారు. అది మళ్ళీ ఒడ్డుకొచ్చేదాకా అందరూ ఇక్కడే కూర్చోండి."

దాదాపు గంట కూర్చున్నాం. అది రాలేదు. అవతలి గట్టు దగ్గర నీటి మీద రెండు కళ్ళు, ముక్కు కొన మాత్రం కనిపిస్తున్నాయి. రైలు కూత వినిపిస్తూనే ఉంది. చివరికి సారు లేచి, "ఎందుకు రావడం లేదో తెలుసా? మీరింకా ఇక్కడే ఉన్నారు గనక" అని బస్సు వైపు నడిచారు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది. అదీ ఒక ప్రాణం పోయాక.

అప్పటికి నేను సివిల్ ఇంజనీరుగా ఉద్యోగంలో ఉన్నాను. ఒక చిన్న ఊరి పార్కులో జింకల కోసం ఆవరణ కట్టే పని వచ్చింది. ఊరు, శాఖ అనవసరం, డ్రాయింగ్ నాది. 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. చుట్టూ ఇనుప జాలీ కంచె. కంచెను ఆనుకుని నాలుగు వైపులా సిమెంటు నడక దారి. ఎటు నుంచి చూసినా జింకలు కనపడాలి, రద్దీ ఒకచోట చేరకూడదు, జనం ఒక చుట్టు తిరిగి బయటికి వెళ్ళిపోవాలి. లెక్క అంతా కుదిరింది. ప్రారంభోత్సవం నాడు అందరూ మెచ్చుకున్నారు. నేనూ మా ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళి చూపించాను.

మూడో ఆదివారం, జనం విపరీతంగా వచ్చిన రోజు, ఒక చుక్కల జింక బెదిరి పరుగెత్తి జాలీకి కొట్టుకుంది. మెడ విరిగి అక్కడికక్కడే పోయింది. మర్నాడు నేను వెళ్ళి స్తంభాలు సరిగ్గా ఉన్నాయా, జాలీ సాగిందా అని చూస్తున్నాను. మేత వేసే ముసలాయన కాసేపు నన్ను చూసి, "కంచెకు ఏమైంది సారూ, కంచె బాగనే ఉంది. దీనికి ఎనక లేదు సారూ. ఎటు జూసినా ముందే" అన్నాడు.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. 30 మీటర్ల వెడల్పు అంటే, జింక సరిగ్గా మధ్యలో నిలబడినా, దగ్గరి మనిషి 15 మీటర్ల దూరంలో ఉన్నట్టే. ఆ మందలో జింకలు మనిషి 20 మీటర్ల లోపుకొస్తే లేచి పరుగెత్తుతున్నాయని ముసలాయన రోజూ చూస్తున్నాడు. అంటే నేను గీసిన ఆవరణలో ఒక జింక నిమ్మళంగా నిలబడగలిగే చోటు అడుగు కూడా లేదు. బొత్తిగా లేదు. ఈ లెక్క చేయడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు, మన బడిలో ఆరో తరగతి చాలు. కానీ చేయాలని తట్టలేదు. చూసేవాళ్ళ లెక్క వేశాను, ఉండేవాళ్ళ లెక్క వేయలేదు.

తరవాత పుస్తకాలు వెతికితే తెలిసింది, ఈ దూరానికి ఒక పేరే ఉందని. స్విట్జర్లాండులో జూలు నడిపిన హెడిగర్ అనే జంతు శాస్త్రవేత్త 1940ల్లోనే దీని మీద రాశాడు. ప్రతి జంతువుకూ ఒక 'పలాయన దూరం' ఉంటుంది. అంతకంటే దగ్గరికి శత్రువు వస్తే అది పారిపోతుంది, పారిపోవడానికి చోటు లేకపోతే ఎదురు తిరుగుతుంది. మచ్చికైతే ఈ దూరం తగ్గుతుంది గాని, తగ్గేదాకా దానికి కావలసిన చోటు మనం ఇవ్వాలి.

డ్రాయింగ్ మార్చాం. ఒక్క 30 మీటర్ల వైపే దారి ఉంచి మిగతా మూడు వైపులా మూసేశాం, అక్కడ వెదురు నాటించాం. మూలలు గుండ్రంగా తిప్పాం, ఎందుకంటే మంద పరుగెత్తుకొచ్చి తొంభై డిగ్రీల మూలలో ఇరుక్కుంటే ఒకదాని మీద ఒకటి పడతాయి. జాలీ జింకకు దూరం నుంచి కనపడదు గనక, అలవాటయ్యేదాకా లోపలివైపు గోనె పట్టాలు వేలాడదీశాం. ఇప్పుడు అవతలి చివరికి పోతే మనిషికీ జింకకూ మధ్య 40 మీటర్లు. ఫలితం? "జింకలు కనపడటం లేదు" అని ఫిర్యాదులు. ఉన్న దారి ఎందుకు తవ్వావని నాకు ఒక మెమో. దానికి నేను రాసిన జవాబే నా సర్వీసులో నేను రాసిన వాటిలో బాగున్న కాగితం అనుకుంటాను. ఏడాది తిరిగేలోపు ఆ మందలో రెండు పిల్లలు పుట్టాయి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నవంబరులో మా బ్యాచ్ వాళ్ళం ఐదుగురం, సైన్సు సారును వెంటబెట్టుకుని మళ్ళీ జూకి వెళ్ళాం. సారు అబ్బాయి దగ్గర హైదరాబాదులోనే ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి బ్యాటరీ బండిలో కూర్చోబెట్టాం. 380 ఎకరాలు నడవడం మాకూ కష్టమేనని రెండో మలుపులో తేలింది.

ఈ జూ 1963 అక్టోబరు 6న తెరిచారు. అంతకుముందు నగరానికున్న జంతుశాల పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే బాగే ఆమ్‌లో ఉండేది. చిన్నప్పుడు నేను జంతువులనే చూశాను, ఈసారి కందకాలను చూశాను. పులికీ మనకూ మధ్య ఊచలు లేకుండా ఉండటానికి కారణం ఈ కందకమే. జర్మనీలో హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి 1907లో హాంబర్గ్ దగ్గర ఈ పద్ధతిలో జూ తెరిచాడు. ఏ జంతువు ఎంత దూరం, ఎంత ఎత్తు దూకగలదో కొలిచి, దానికి తగ్గట్టు తవ్వించాడు. మన వైపు గోడ నిట్టనిలువుగా ఉంటుంది. జంతువు వైపు వాలుగా ఉంటే, పొరపాటున లోపల పడినా తిరిగి ఎక్కగలుగుతుంది. ఏనుగు ఎంత పెద్దదైనా దూకలేదు, దానికి మరీ వెడల్పు కందకం అక్కర్లేదు. చిరుత చెట్టెక్కి దూకుతుంది, దానికి కందకం ఒక్కటే చాలదు. అంటే బరువును బట్టి కాదు, స్వభావాన్ని బట్టి డిజైను.

అయినా నాకో అభిప్రాయం ఉంది. హాగెన్‌బెక్ ఊచలు తీసేసింది ముఖ్యంగా మన కళ్ళకోసమే. పులికి ఊచ ఉన్నా కందకం ఉన్నా అవతలికి పోలేకపోవడం ఒకటే. దాని మంచి చెడ్డలు చూసే నిబంధనలు మన దేశంలో 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ వచ్చాకే గట్టిపడ్డాయి. పులుల జంటకు బయటి ఆవరణ కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలన్నారు. మన భాషలో దాదాపు 1,200 గజాలు, ఆరు ప్లాట్లు. అడవిలో ఒక మగపులి తిరిగే మేర పదుల చదరపు కిలోమీటర్లు. అందుకే ఆవరణ పెద్దదా చిన్నదా అన్న దానికంటే, లోపల దానికి చేయడానికి ఏముంది, దాక్కోవడానికి ఏముంది అని చూడాలి. ఒకే గీత మీద అటూ ఇటూ తిరిగే జంతువును మీరూ చూసే ఉంటారు. వ్యాయామం అనుకునేవాణ్ణి. అది వ్యాయామం కాదు, చేయడానికి ఇంకేమీ లేకపోవడం.

పులి ఆవరణ దగ్గర మేం నిలబడినప్పుడు పులి లేదు. పొదల వెనక ఎక్కడో ఉంది. మా పక్కన ఒక కుటుంబం, "డబ్బులు పెట్టి వచ్చాం, పులే లేదు" అని గట్టిగా అరుస్తోంది. పిల్లవాడు ఈలలు. మా వాడొకడు నా మొహం చూసి, "నీకు మళ్ళీ మెమో వచ్చేట్టుంది" అన్నాడు.

మా ఎక్స్‌కర్షన్ నాడు చూసిన గలపాగోస్ పెద్ద తాబేలు ఇప్పుడు లేదు. 2024 మార్చిలో పోయింది. వయసు సుమారు 125 ఏళ్ళని చెప్పారు. అంటే నిక్కర్లలో మనం దాని ముందు నిలబడి గోల చేసేటప్పటికే దానికి ఎనభై దాటాయన్నమాట. ఈ మాట చెబితే సారు, "నా కంటే పెద్దది, చెప్పకుండా వెళ్ళిపోయింది" అన్నారు.

ఇంకోటి, మేం చూడని దాని గురించి చెప్పాలి. మూషిక జింక అని ఉంటుంది, కుందేలంత. మన నల్లమలలో కూడా తగ్గిపోయింది. అత్తాపూర్‌లోని సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాలతో కలిసి ఈ జూ 2010లో వాటిని పెంచడం మొదలుపెట్టింది. వాటి సంఖ్య పెరిగాక కొన్నిటిని అమ్రాబాద్ అడవిలోకి వదిలారు. ఆ పెంపకం జరిగేది జనం తిరిగే దారికి దూరంగా. అరవై ఏళ్ళలో ఈ జూ చేసిన మంచి పనుల్లో ఒకటి టికెట్టు కొన్న మనకు కనపడని చోట జరిగింది.

మధ్యలో ఒక మాట, ఇంజనీరు కాబోయే పిల్లలకు. జూ పక్కనే మీరాలం చెరువు ఉంది. దాని ఆనకట్ట రెండు వందల ఏళ్ళ నాటిది, 21 కమాన్లు వరసగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. నీటి ఒత్తిడిని కమాను తన చివరలకు మళ్ళిస్తుంది, అందుకే అంత సన్నని రాతి గోడ అంత నీటిని ఆపుతోంది. జిరాఫీ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అది కూడా చూసి రండి.

చివరికి మొసళ్ళ దగ్గరికి వచ్చాం. ఒకటి ఒడ్డున నోరు తెరుచుకుని పడుకుని ఉంది. బండి ఆపించి సారు చాలాసేపు చూశారు. తరవాత మిగతా నలుగురినీ వదిలేసి నా వైపే తిరిగి, "కదులుతోందా?" అన్నారు. లేదు సార్ అన్నాను. "సరే, మనం పోదాం పద" అన్నారు. ఆయనకు 1983లోనే తెలుసా, లేక ఆ రోజు యథాలాపంగా అడిగారా, నాకు తెలియదు. ఇప్పుడు వేదిక మీద నవ్వుతున్నారు గాని చెప్పేట్టు లేరు.

ఆ రోజు మా నలుగురూ టాయ్ ట్రైన్ ఎక్కారు. యాభై దాటిన బొజ్జలతో ఆ పెట్టెల్లో ఇరుక్కుని, మనవల వయసు పిల్లల మధ్య కేకలు వేస్తూ తిరిగొచ్చారు. నేను సారు పక్కన బల్ల మీద కూర్చున్నాను. టికెట్లు మాత్రం నేనే కొన్నాను. ఎప్పుడూ టీ డబ్బులు కూడా తియ్యనివాడు ఎందుకు కొన్నాడా అనుకున్నవాళ్ళకు ఇప్పుడు తెలిసింది. ఇంకా ముప్పై అయిదు మందికి బాకీ ఉన్నాను, వరసగా రండి.

ఈ ఏడు తొమ్మిదో తరగతిని డిసెంబరులో జూకి తీసుకెళ్తున్నామని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. నాలుగు బైనాక్యులర్లు తెచ్చి ఆఫీసు రూములో ఇచ్చాను. పొదల్లో పడుకున్న వాటికోసం. తేదీ ఇంకా వేయలేదట. సోమవారం మాత్రం పెట్టకండి సార్. వారానికి ఒక రోజు జనం మొహం చూడకుండా ఉండే హక్కు వాటికి ఉంది, అక్కడ అది సోమవారం.