కేస్ షీటులో లేని ప్రశ్న



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, నర్సింగ్ పట్టభద్రులారా, ఇకమీదట మీలో చాలామంది గర్భిణుల ఓపీలో కూర్చుంటారు. ఇరవై వారాలు దాటిన గర్భిణికి కొత్తగా బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ కనబడితే ఏం చేయాలో మీకు తెలుసు. దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటాం. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. ప్రపంచంలో నూటికి 2 నుంచి 8 మంది గర్భిణులకు ఈ జబ్బు వస్తోంది. తల్లుల మరణాలకు రక్తస్రావం తర్వాత పెద్ద కారణం గర్భంలో వచ్చే రక్తపోటు సమస్యలే. మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన తేల్చింది. అంటే జబ్బును గుర్తించడం, అదుపు చేయడం మనకు బాగానే వచ్చింది. దాని మూలాలు వెతకడంలో మాత్రం వెనకబడ్డాం. వయసు, బరువు, తొలి కాన్పు, కవలలు, షుగరు, ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నవన్నీ కేస్ షీటులో రాస్తాం. ఆమె ఏ దుమ్ము పీల్చింది, ఏ పసుపుతో వండుకుంది అని రాయం. ఆ ప్రశ్నకూ కేస్ షీటులో చోటు ఉండాలన్నదే నా వాదన.

సీసం సంగతే చూడండి. పెద్దవాళ్ల ఒంట్లో చేరిన సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో దాక్కుంటుంది, అక్కడ దశాబ్దాలపాటు ఉంటుంది. గర్భంలోని బిడ్డకు కాల్షియం కావలసివచ్చి తల్లి ఎముకలు కరగడం మొదలైతే, పాత సీసం కూడా దానితోపాటు రక్తంలోకి వస్తుంది. రక్తనాళాలను సడలించి ఉంచేది నైట్రిక్ ఆక్సైడ్. సీసం దాని లభ్యతను తగ్గిస్తుంది, నాళాల లోపొరను దెబ్బతీస్తుంది. ప్రీఎక్లాంప్సియాలో ప్రధానంగా దెబ్బతినేదీ ఆ లోపొరే. కాబట్టి చిన్నప్పుడు ఒంట్లో చేరిన సీసం పాతికేళ్ల తర్వాత కాన్పు సమయంలో బయటపడవచ్చు. అప్పటికి ఆ సీసం వచ్చిన పాత ఇల్లో, కార్ఖానానో ఆమెకే గుర్తుండకపోవచ్చు.

ఇది ఊహేనా? ఫ్రాన్స్‌లో ఈడెన్ పరిశోధన కింద 971 మంది గర్భిణులను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆరో నెల, ఏడో నెల మధ్య తీసిన రక్తంలో సీసం కాస్త ఎక్కువున్నవారికి రక్తపోటు ఎక్కువగా వచ్చింది. ఆ గర్భిణుల రక్తంలో సీసం సగటు డెసిలీటరుకు 2 మైక్రోగ్రాముల దగ్గరే ఉంది. మామూలుగా ఎవరూ ప్రమాదమనుకోని స్థాయి అది. వివిధ పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ, సీసం ఒక్కో మైక్రోగ్రాము పెరిగినప్పుడు ప్రీఎక్లాంప్సియా అవకాశం 1.6 శాతం చొప్పున పెరుగుతోందని చూపింది. ఇక్కడ మీలో ఎవరైనా అడ్డుచెప్పాలి. ఆ జబ్బులో రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాల పని మందగిస్తుంది. మరి సీసం పెరగడం జబ్బుకు ఫలితమేమో? న్యాయమైన సందేహమే. అయితే లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మరో పరిశోధనలో మడమ ఎముకలోని సీసాన్ని కొలిచారు. అది ఎక్కువున్నవారిలో చివరి మూడు నెలల్లో రక్తపోటు ఎక్కువగా కనబడింది. ఎముకలోని సీసం కొన్ని వారాల జబ్బుతో పోగయ్యేది కాదు. ఇవన్నీ పరిశీలనలే, అంతిమ రుజువులు కావని ఒప్పుకుంటాను. కానీ గర్భిణులకు సీసం తినిపించి పరీక్షించడం ఎవరికీ తగదు. కాబట్టి ఉన్న ఆధారాలతోనే నిర్ణయం తీసుకోవాలి.

రెండో అభ్యంతరం, ఒక మైక్రోగ్రాముకు 1.6 శాతం అంటే ఏపాటి అని. ఒక్క మనిషి విషయంలో చిన్నదే. కోట్ల కాన్పులు జరిగే దేశంలో చిన్నది కాదు. పైగా వయసునూ వంశాన్నీ మార్చలేం, సీసాన్ని మాత్రం తీసేయగలం. మన దేశంలో 2000 నాటికి పెట్రోలులోంచి తీసేశాం, తర్వాత ఇళ్ల రంగుల్లో 90 పీపీఎంకు పరిమితం చేశాం. బంగ్లాదేశ్ ఉదాహరణ ఇంకా స్పష్టం. అక్కడి పల్లెల్లో గర్భిణుల రక్తంలోని సీసానికి మూలం వెతికితే, రంగు కోసం పసుపులో కలిపిన లెడ్ క్రోమేట్ బయటపడింది. ప్రచారం, తనిఖీలు, జరిమానాలు తోడవగానే మార్కెట్ పసుపు నమూనాల్లో సీసం కనబడినవి 2019లో 47 శాతం ఉండగా 2021కి సున్నాకు దిగాయి. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లున్న మనకు పసుపు స్వచ్ఛత రైతు ప్రయోజనమే కాదు, గర్భిణి ప్రయోజనం కూడా.

మూడో మాట, ప్రతి గర్భిణికీ పరీక్ష చేయించగలమా అని. అక్కర్లేదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా అందరికీ పరీక్ష చెప్పదు, ముప్పు కనబడినవారికే చెబుతుంది. ముప్పును కనిపెట్టేది ప్రశ్నే. ఇంట్లో ఎవరైనా బ్యాటరీలు కరిగిస్తారా, పాత రంగులు గీకుతారా, విడి పసుపు కొంటారా, ఎక్కడ తయారైందో తెలియని కాటుక, భస్మాలు వాడతారా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములకు చేరితే మూలాన్ని వెతకాలని, ఆహారంలో కాల్షియం తక్కువైన గర్భిణికి కాల్షియం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మెక్సికోలో గర్భిణులకు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. మన ప్రభుత్వ కార్యక్రమంలో కాల్షియం మాత్రలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగకుండా వేరే వేళకు వేసుకునేలా చూడాల్సింది మీరు.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రశ్నలు నిందలా వినబడకూడదు. బిడ్డకు హాని చేశావన్న భావం తల్లికి కలిగితే మన తెలివి వృథా. కల్తీ ఆమె చేయలేదు, కొలిమి ఆమె పెట్టలేదు. అందుకే జవాబు విని కేస్ షీటు మూసేయకండి. అనుమానం ఉన్న పసుపు గురించి ఆహార భద్రతాధికారికి, ఊళ్లో బ్యాటరీలు కరిగించే చోటు గురించి కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. వైద్యులు రాసిన ఉత్తరానికి ఈ దేశంలో ఇంకా విలువ ఉంది. ఆ విలువను గర్భిణుల కోసం వాడండి.