మంచువాలుపై ఆగిన అడుగు

మంచు కురియని సీమలో పుట్టి పెరిగిన మనలో చాలమందికి స్కీ పందెము పరిచయము లేని ఆట. పాదములకు పొడవైన సన్నని పలకలను బిగించుకొని, గట్టిపడిన మంచు పరచుకొనిన కొండవాలుపై ఒక్కొక్కప్పుడు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో క్రిందికి జారుటయే ఈ పందెము. తక్కువ కాలములో అడుగునకు చేరిన వారిదే గెలుపు. గెలుపునకు, ఓటమికి నడుమ అంతరము తరచుగా సెకనులో నూరవ వంతులలో ఉండును. అయితే నేడు నేను ముచ్చటింపదలచినది ఆ వేగమును గురించి కాదు. ఆ వేగము హఠాత్తుగా నిలిచిపోయినప్పుడు క్రీడాకారుల మనస్సునకు ఎదురగు పరీక్షను గురించి.

ఈ క్రీడలో ప్రపంచ కప్పు పోటీలు ఒక్కనాటితో ముగియునవి కావు. అక్టోబరు చివర మొదలై మార్చి వరకు దేశదేశముల కొండలపై జరుగును. ఒక్కొక్క పందెములో మొదటివారికి 100 పాయింట్లు, రెండవవారికి 80, మూడవవారికి 60. ఇట్లు తగ్గుచు ముప్పదవ స్థానము వారికి ఒక్క పాయింటు లభించును. ఋతువు ముగియునాటికి అన్నింటిని కూడి, అగ్రస్థానము నందుకొనిన వారికి స్ఫటిక గోళము బహూకరింతురు. కావున ఋతువు చివర తగిలిన గాయము కోతకు వచ్చిన చేనుపై కురిసిన వడగండ్ల వాన వంటిది. నెలల శ్రమ కళ్ళ యెదుట ఉండును; చేతికి మాత్రము అందదు.

అమెరికా క్రీడాకారిణి లిండ్సీ వాన్ జీవితములో ఈ పరీక్ష పలుమారులు వచ్చినది. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణ పతకము గెలిచిన ఆమె, 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్‌లో సూపర్-జీ పందెములో పడిపోయినది. కుడి మోకాలిలో రెండు లిగమెంటులు తెగినవి. మోకాలి క్రింది ఎముక పైభాగము చిట్లినది. ఆమెను హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించిరి. ఆ మార్చిలో స్విట్జర్లాండులోని లెంజర్‌హైడేలో జరుగవలసిన చివరి డౌన్‌హిల్ పందెము వాతావరణము అనుకూలింపక రద్దయినది. అప్పటికి వాన్, స్లొవీనియాకు చెందిన టీనా మాజె కంటె ఒకే ఒక పాయింటు ముందున్నది. పందెములకు దూరమై యున్న ఆమెకే ఆ యేటి డౌన్‌హిల్ గోళము దక్కినది!

కాని గోళము దక్కినంత మాత్రమున మోకాలు కుదుటబడునా? లిగమెంటు అనునది ఎముకను ఎముకతో కలిపి పట్టియుంచు బలమైన పట్టీ వంటిది. అది తెగినప్పుడు వైద్యులు సాధారణముగా శరీరములోని మరియొక చోటినుండి నరపు పోగును తీసి అమర్చుదురు. ఆ పోగు క్రొత్త స్థానములో జీవము పోసికొని గట్టిపడుటకు అనేక మాసములు పట్టును. తొలి మాసములలో అది బలహీనముగనే ఉండును. నొప్పియో, కొన్ని వారములలోనే తగ్గిపోవును. ఇక్కడనే ప్రమాదమున్నది. నొప్పి లేదు గనుక బలము వచ్చినదని మనస్సు భ్రమపడును.

ఆమె ఎదుట 2014 ఫిబ్రవరి నాటి సోచి ఒలింపిక్స్ ఉన్నవి. 2013 నవంబరులో సాధన చేయుచు పడిపోగా ఆ లిగమెంటు మరల కొంత తెగినది. అయినను డిసెంబరులో ఆమె పందెములకు దిగినది. ఫ్రాన్సులోని వాల్ డిజేర్‌లో ఆ మోకాలు ఆమె భారమును మోయలేకపోయినది. జనవరిలో ఒలింపిక్స్ ఆశ వదలుకొని, మరల శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చినది.

ఈసారి ఆమె నిదానించినది. ఆ ఋతువు నంతయు విడిచిపెట్టి, 2014 డిసెంబరులో కెనడాలోని లేక్ లూయీస్‌లో మరల బరిలో దిగి డౌన్‌హిల్ గెలిచినది. 2015 జనవరిలో ఇటలీలోని కోర్టినాలో 63వ విజయము సాధించి, ఆస్ట్రియా క్రీడాకారిణి అన్నెమారీ మోజర్-ప్రోల్ పేర మూడు దశాబ్దములకు పైగా నిలిచిన 62 విజయముల మహిళా రికార్డును దాటినది.

మరియొక పరీక్ష 2016లో. ఆ ఫిబ్రవరిలో ఆమె తన ఎనిమిదవ డౌన్‌హిల్ గోళమును ఖాయము చేసికొనినది. అన్ని విభాగములలో కలిపి అది ఆమెకు ఇరువదవ గోళము. వారము తిరుగగనే, ఫిబ్రవరి 27న, అండోర్రాలో పడిపోయి ఎడమ మోకాలికి దెబ్బ తగిలించుకొనినది. మరునాడే ఆ కాలితోనే పందెములో పాల్గొనినది. తరువాత జరిపిన పరీక్షలో ఎముక పలుచోట్ల చిట్లినట్లు తేలినది. అప్పటికి సమగ్ర పట్టికలో ఆమెయే 28 పాయింట్లు ముందున్నది. ఋతువు ముగియుటకు మిగిలినవి కొద్ది వారములు మాత్రమే. అయినను ఆమె ఆగిపోయినది. సమగ్ర గోళము స్విట్జర్లాండుకు చెందిన లారా గుట్ వశమైనది.

ముందంజలో ఉన్నవారు తమంత తాము ఆగుట ఎంత కష్టమో ఊహింపుడు! పడిపోయిన మరునాడు బరిలో దిగుటకు తెగువ చాలును. ఆగుటకు మాత్రము వివేకము కావలెను. ఆ వివేకమును ఆమె వెనుకటి గాయము వలన, గొప్ప మూల్యము చెల్లించి నేర్చుకొనినది. 2017 జనవరిలో జర్మనీలోని గార్మిష్‌లో ఆమె తిరిగి డౌన్‌హిల్ గెలిచినది. నాలుగేండ్ల వెనుక చేజారిన ఒలింపిక్ పతకము 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో 33వ యేట కాంస్య రూపమున అందినది.

గాయపడిన క్రీడాకారుల దినచర్యలో జయధ్వానములుండవు. నేడు మోకాలు ఎంత వంగినది, తొడ కండరము ఎంత బిగిసినది, ఊతకఱ్ఱ లేక ఎన్ని అడుగులు పడినవి: ఇవే వారి పాయింట్లు. పందెముల పట్టిక వంక చూచిన కొలది నిరాశ కలుగును. నేటి వ్యాయామము వంక చూచినచో చేయదగిన పని ఒకటి కనిపించును.

మన యిండ్లలోను కాలు విరిగి మంచము పట్టినవారు, కట్టు విప్పిన మరునాడే సైకిలు ఎక్కుదుమని పట్టుబట్టుట చూచుచునే ఉందుము. వారిని పిరికివారని గేలి చేయక, తొందరపెట్టక, వైద్యుడు చెప్పిన వ్యాయామమును ప్రక్కన కూర్చుండి చేయించుడు. తిరిగి లేచి నడచుటకు వారికి కావలసిన తోడ్పాటు అదియే.