చెప్పుల కాపలా

ఈరోజు బీపీఈడీ పట్టాలు అందుకుని వ్యాయామ ఉపాధ్యాయులు కాబోతున్న మీకు ముందు మా బడి సంగతి చెబుతాను.

మా హైస్కూల్లో ఒకే ఒక్క వాలీబాల్ ఉండేది. హెడ్మాస్టారి గదిలో, బీరువాలో, పాత రిజిస్టర్ల వెనక. ఇన్‌స్పెక్షన్ అంటే గాలి కొట్టి బయటికి తీసేవారు. ఆటల పీరియడ్ సాధారణంగా లెక్కల మాస్టారి ఖాతాలోకే పోయేది. ఎప్పుడైనా గ్రౌండుకు వదిలినా ఆడేది పది పన్నెండు మంది మగపిల్లలు. ఆడపిల్లలు వేపచెట్టు కింద నోట్సు రాసుకునేవాళ్లు. నేను చెప్పులకు కాపలా. పెద్దయ్యాక లెక్కల మాస్టారినే అయ్యాను. సిలబస్ మిగిలిందంటూ ఆటల పీరియడ్లు నేనూ లాక్కున్నాను. దాచుకోవడం దేనికి?

మా బడి సంగతి అలా ఉంటే, ఢిల్లీలో 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం కొత్త జాతీయ క్రీడా విధానాన్ని ఆమోదించింది. 2001 నాటి విధానం స్థానంలో వచ్చిన ఈ ‘ఖేలో భారత్ నీతి’లో 2036 ఒలింపిక్స్ కల ఉంది. నాకు నచ్చింది మాత్రం వేరే ముక్క: ఆట ప్రజా ఉద్యమం కావాలి, చదువులో భాగం కావాలి అంటుందది. అనడం తేలికే. రాజ్యాంగం ప్రకారం క్రీడలు రాష్ట్రాల జాబితాలోవి. ఢిల్లీ కాగితం రాష్ట్రం, జిల్లా, మండలం దాటుకుని టైంటేబుల్ వేసే మాస్టారి బల్ల మీదికి చేరాలి. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం ఎప్పుడో చెప్పింది. ఎక్కడెక్కడ ఉందో టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు మీరే చూసొచ్చారు.

గ్రౌండు విలువ చెప్పడానికి ఒక్క పేరు చాలు: వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి. ఊళ్లో వెక్కిరింపులు పడ్డ పిల్ల 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆ పరుగును మొదట పట్టుకున్నది బడిలోని పీఈటీ మాస్టారే. ఆయన కంటపడాలంటే ముందు ఆ పిల్ల గ్రౌండులో ఉండాలి కదా! అలాగని పతకం తెచ్చే ఒక్కరి కోసమే వెతక్కండి. క్లాసులో మిగతా నలభై మందికీ చెమట పట్టాలి.

ఉద్యోగంలో చేరిన రోజే బీరువా తాళం అడిగి తీసుకోండి. సున్నం పోసి రెండు కోర్టులు గీయండి, ఒకటి ఆడపిల్లలకు. చెప్పుల దగ్గర కూర్చున్న వాణ్ణి లేపి బంతి చేతికివ్వండి. నాలాంటి లెక్కల మాస్టారు వచ్చి పీరియడ్ అడిగితే, దయచేసి ఇవ్వకండి.