మన మెట్టసీమలోని పాడుపడిన గనులు



మనది బంగారు సీమ యని యెవరైన అన్నచో మీరు నవ్వుదురు. మన కడ పండునది ప్రత్తి, జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ. అదియును వాన దయ తలచిన యేట. ఆదవాని యన్నచో ప్రత్తి సంతయు, ఎమ్మిగనూరన్నచో మగ్గమును జ్ఞప్తికి వచ్చును గాని, గని యెవరికిని స్ఫురింపదు. చైత్ర వైశాఖములలో మన బీళ్లమీదుగా పోవు పరదేశి ఇది యెడారి యనుకొన్నను తప్పు పట్టుటకు వీలులేదు. అయినను ఈ సీమ రెండు బంగారు నేలల నడుమ ఉన్నది. వాయవ్యమున తుంగభద్ర దాటినచో రాయచూరు సీమలోని మస్కి, హట్టి. ఆగ్నేయమున పత్తికొండ మీదుగా పోయినచో జొన్నగిరి. రెండింటికిని వెనుకటి కాలమున మనవారు ఎద్దుబండిమీద కొలది దినములలో పోయివచ్చెడివారు. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీవఱకు బళ్లారి జిల్లాలో నుండుటచేత కాబోలు, జొన్నగిరి పరాయి సీమ యన్న భావము మన పెద్దలలో కొందరికి పోలేదు. నేల జిల్లాల నెఱుగదు.

బంగారు అచ్చట నుండి, ఆదవాని కొండలలో ఏల లేదని అడుగవచ్చును. ఆదవాని కొండలు గ్రానైటు గుండ్లు. ఆ రాతిలో బంగారు వెదకుట వ్యర్థము. ఆ గ్రానైటు నడుమ అక్కడక్కడ అంచుబట్టవలె సన్నగా, పొడవుగా సాగిన వేఱొక జాతి రాయి కలదు. అది నల్లగానో, ముదురాకుపచ్చగానో యుండి పొరలు పొరలుగా చీలును. ఆ పొరలలో దూరిన తెల్లని పలుగురాతి తీగలయందు బంగారు కంటికి కానరానంత సన్నముగా ఉండును. జొన్నగిరి, హట్టి, శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి, కోలారు, ఇవన్నియు అట్టి పట్టీలమీది యూళ్లే. పూర్వులు రసాయనశాస్త్రము చదువకయే ఈ పట్టీలను ఒక్కటియు విడువక పట్టుకొనిరి. ఇది నాకు నేటికిని ఆశ్చర్యమే.

ఎంత పూర్వులు? దీనికి రాతిసాక్ష్యము కొంత కలదు. 1915లో మస్కి యొద్ద బంగారు జాడలు వెదకుచున్న బీడన్ అను ఇంజనీరు కంట అశోకుని శాసనము పడినది. దేవానాంప్రియుడను బిరుదుతోపాటు అశోకుడను పేరు కూడ కానవచ్చిన మొదటి శాసన మది. పిమ్మట 1929లో గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, జొన్నగిరికి చేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లమీద అశోకుని శాసనములను ఘోష్ అను భూగర్భశాస్త్రవేత్త కనుగొనెను. అందొక శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, ఎద్దు మడి దున్నినట్లు సాగును. పత్తికొండ చెంతనున్న రాజులమందగిరిలోను అట్టి శాసన మొకటి కలదు. రెండు తావులను కనుగొన్నవారు శాసనములు చదువువారు కారు. నేలలోని లోహములను వెదకువారు. చక్రవర్తి శాసనము చెక్కించిన చోటును, బంగారము దొరకు చోటును ఒకటే యగుట కాకతాళీయమని నేననుకొనను.

చిత్రదుర్గము సీమలోని బ్రహ్మగిరి శాసనము సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును పంపిన మాటగా మొదలగును. ఆ సువర్ణగిరి యేది? ప్రాకృతమున బంగారమును ‘సొన్న’ యందురు గావున జొన్నగిరియే యని కొందరు, మస్కి యని కొందరు, కనకగిరి యని కొందరు వాదింతురు. పేరులోని పోలిక ఒక్కటే చాలదని నా తలంపు. అయితే వాదమున నిలిచిన యూళ్లన్నియు మన యిరుగుపొరుగువే యని మాత్రము మఱువరాదు.

ఇక ఆ పనివారు రాతిని ఎట్లు బ్రద్దలు చేసిరో చెప్పెదను. మందుగుండు లేదు. ఉన్నది ఇనుప ఉలి, సుత్తి, కట్టె, నీరు. పలుగురాతి తీగ నేలపైకి కనబడిన చోట కట్టెలు పేర్చి నిప్పు పెట్టి రాతిని బాగుగ కాల్చి, చల్లని నీరు చల్లుదురు. కాగిన మూకుడుపై నీరు పడినట్లే రాయి చిట్లి బీటలువాఱును. ఆ బీటలలో ఉలి నిలిపి కొట్టి పెల్లగింతురు. మరల కట్టెలు, మరల నిప్పు. ఒక మూర లోతునకు ఎన్ని దినములు పట్టినవో, ఎంత అడవి తఱిగిపోయినదో ఊహించుకొనుడు. మన బీళ్లలో చెట్టు కఱవగుటకు ఇదియు ఒక కారణమేమో యని నా కప్పుడప్పుడు తోచును; ఇది ఊహయే. ఈ విధముగా హట్టిలో వారు 600 అడుగులకు పైగా దిగిరి. ఆ పాత తవ్వకములలో దొరకిన కట్టెను నేటి పరీక్షలతో చూడగా సుమారు 2000 సంవత్సరముల నాటిదని తేలినది. ఆ లోతున పొగ, ఉక్క, చీకటి. ఊరిన నీటిని కుండలతో ఒకరి చేతినుండి ఒకరికి అందించుకొనుచు తోడిపోయవలెను. నీరు గెలిచిన చోట పని నిలిచిపోయినది.

పైకి తెచ్చిన రాతిని దంచి, నూఱి, దోనెలో నీటితో కడిగినచో బరువైన బంగారు అడుగున నిలుచును. దంచిన చోటునగల బండలమీద చిన్నచిన్న గిన్నెలవంటి గుంటలు నేటికిని కానవచ్చును. పాత గనిని గుర్తించుటకు ఇది మంచి ఆనవాలు. రెండవది, తెల్లని పలుగురాతి పిక్కలు రాసులుగా పడియుండుట. మూడవది, బావివలె గుండ్రముగా గాక కాలువవలె పొడవుగా, ఒకే దిక్కునకు సాగిన పల్లము. చూచినవారు ఎండిన వంక యనుకొని పోవుదురు. కాని వంక పల్లమునకు పాఱును, ఇది మిట్టమీదను సాగును.

కోలారు కథ మీకు తెలిసియే యుండును గావున పొడిగించను. 1802లో వారన్ అను సైనికోద్యోగి అచ్చటి గ్రామస్థులు గుంతలలో దిగి రాయి తెచ్చి, దంచి బంగారు తీయుట చూచెను. 1880 తరువాత ఇంగ్లీషు కంపెనీ పాతవారి గుంతల క్రిందికే త్రవ్వి మేలైన బంగారు చూచినది. గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినది. దారి చూపినవి పాత గుంతలే.

కొన్ని సంవత్సరముల క్రిందట, మాఘమాసమున, నేను ఇద్దరు మిత్రులతో పత్తికొండకు దక్షిణపు దిక్కున బీళ్లలో నడచితిని. గొఱ్ఱెల కాపరి యొకడు మాకు దారి చూపెను. ఒక మిట్టపై తంగేడు పొదల మాటున, మనిషి పట్టునంత సందు నేలలోనికి పోయియున్నది. చుట్టును అతడే తుమ్మకంప వేసినాడు. ముందటి యేట రెండు గొఱ్ఱెలు అందు పడినవట. మా మిత్రు డొకడు చేతనున్న సెల్‌ఫోను దీపము వెలిగించి లోనికి చూచి, “పది పండ్రెండడుగులే, దిగవచ్చును” అనెను. కాపరి మాఱు పలుకక, తన మూటలోని చిన్న లాంతరు వెలిగించి చేంతాటికి కట్టి దింపెను. రెండాళ్ల లోతు పోవునప్పటికి మంట ఎఱ్ఱబడి, కుంగి, ఆరిపోయినది. మరల వెలిగించి దింపెను. అదే చోట ఆరినది. “దీపమే బతకని సోట మనిసేం బతుకుతాడు సామీ” అని తాడు చుట్టుకొనెను. మేము దిగలేదు.

దీనిని గూర్చి కొంచెము విరివిగా చెప్పవలెను. నేను ఈ ప్రసంగమునకు పూనుకొన్నదియు దీనికొఱకే. మన పెద్దలకు పాతరలు తెలియును. జొన్నలు పోసి మూసిన పాతరను తెఱచిన తోడనే ఎవరిని దిగనీయరు. మూత తీసి, గాలి పోవువఱకు ఆగి, దీపము దింపి చూచిన పిదపనే మనిషిని దింపెడివారు. గింజయు ఊపిరి పీల్చును. మూసిన చోట అది మంచిగాలిని తినివేసి కార్బన్ డయాక్సైడు అను వాయువును విడుచును. ఈ వాయువు మామూలు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కావున నీటివలె అడుగున నిలుచును. రంగు లేదు, పొగ కానరాదు. పాడుగనిలో గింజకు బదులు కుళ్లిన ఆకులు, పడిచచ్చిన జంతువులు, గబ్బిలముల పెంట, తుప్పుపట్టు రాయి, ఇవి ఆ పనియే చేయును. దిగినవాడు దగ్గడు, కేకవేయడు. కాళ్లు తేలి కూలిపోవును. పైనున్న అన్నయో తమ్ముడో ఆత్రముతో దూకును. పాడుబావులలో ఒకే యింట ఇద్దరు ముగ్గురు పోవుట మనము వినుచున్నదే. వారిలో రెండవవాడును మూడవవాడును రక్షింపబోయినవారే.

వెనుకటివాడు దివిటీతో పోయెడివాడు. గాలి చెడినచో దివిటీ ముందు చచ్చి వానిని హెచ్చరించెడిది. నేటి కరెంటు దీపమునకును, సెల్‌ఫోను దీపమునకును గాలితో పనిలేదు. మనిషి పడిపోయిన తరువాతను అవి ప్రక్కనే చక్కగా వెలుగుచుండును. మన పిల్లలు వీడియోలు తీయుటకు ఈ దీపములతోనే గుహలలో దూరుచున్నారు. కావున పాతరనాటి నియమము నేడు మఱింత అవసరమైనది. మంట వెలిగినంతమాత్రమున అపాయము లేదనియు అనుకొనరాదు. అంచున వదులైన రాయి, లోపల పుచ్చిన కొయ్య, తేనెతుట్టె, త్రాచు, వీనిని దీపము చెప్పజాలదు. ఎవడైన పడినచో రెండవవానిని దింపకుడు. అగ్నిమాపకదళమునకు 101కి గాని, 112కి గాని తెలుపుడు. వారు వచ్చులోపల వేపమండల కట్టను మోకుకు కట్టి, పడినవానికి తగులకుండ దింపుచు ఎత్తుచు నుండుట పాత పద్ధతి. గాలి కొంత కదలును. అది సాయమే గాని, దానిని నమ్మి దిగుటకు ధైర్యము చేయరాదు.

గనులలో దూరువారిని ఈడ్చుకొనిపోవునది ఆశ. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలలోను, అనంతపురము జిల్లా వజ్రకరూరులోను వజ్రములకై జనము వంగి నేల చూచుచు తిరుగుటను మీరెఱుగుదురు. వాన మట్టిని కడిగి రాళ్లను తేర్చును గనుక అప్పుడే చూపు ఆనును. దొరకుట కల్ల కాదు. వజ్రకరూరులో 1881లో 67 కారట్లకు పైబడిన రాయి దొరకినది. దక్షిణాఫ్రికాలో కింబర్లీయందు వజ్రములు పుట్టు జాతిరాయి వజ్రకరూరు నేలలోను పాతాళమునుండి గొట్టములవలె పైకి పొడిచియున్నది. చేనిమీద వెదకువానికి పోవునది కొన్ని దినముల కూలి. చేనివానికి పోవునది విత్తనపు అదను. గుప్తనిధికై రాత్రులు పాత గుంతలను, గుడి పునాదులను త్రవ్వువాని మాట వేఱు. వానికి మీరు ఒక్క ముక్క చెప్పవలెను: గని యనగా ఉన్నదానిని తీసికొనిపోయిన చోటు, దాచిపెట్టిన చోటు కాదు. పాతవారు చేతకాక విడిచినది నీరున్న లోతున రాతిలో నున్నది, గునపముతో రాదు. ఒకవేళ పాతిపెట్టిన ధనమే దొరకినను, 1878 నాటి చట్టప్రకారము కలెక్టరునకు తెలుపవలసినదే.

జొన్నగిరి నేలలో ఇటీవల ఒక ప్రైవేటు సంస్థ యంత్రములతో బంగారుగని తెఱచినది. దానివలని లాభనష్టములు వేఱొక ప్రసంగమునకు తగినవి. గని తెఱచిన చోట మాత్రము పాత గుంతలు మిగులవు. చేనుగా చదును చేసిన చోటను మిగులవు. తక్కినవి ఏ సర్వే నంబరులో నున్నవో, ఎంత లోతో, ఏ గుంతలో పశువు పడినదో, దంచిన గుంటలు గల బండ ఏ దొడ్డిలో కుడితితొట్టిగా పడియున్నదో కాగితములలో లేదు. మీ జ్ఞాపకములో ఉన్నది. ఈ యెండకాలమున పొలము పని తక్కువగా ఉన్నప్పుడు, ఊరి కరణపు లెక్క తెలిసినవానిని, కాపరి నొకనిని వెంట బెట్టుకొని మీ పొలిమేర చుట్టి రండు. కనబడిన ప్రతి గుంతకును కంప వేయించుడు; గుర్తును, లోతును ఒక పుస్తకమున వ్రాయించి, ఒక ప్రతి పంచాయతీలోను, ఒక ప్రతి బడిలోను ఉంచుడు. లోతును పైనుండి త్రాటితోనే కొలువవలెను. త్రాటి కొనకు రాయి కట్టినచో చాలును.