దేశం తర్వాత, కోర్సు ముందు



డిగ్రీ చివరి ఏడాదిలో నేను పట్నంలో ఒక కన్సల్టెన్సీకి పోయిన. ఏం చదవాలనుందని అడగకుండానే మూడు యూనివర్సిటీల పేర్లు చెప్పిండ్రు. మనం చేరితే వాళ్లకు అక్కడినుంచి కమీషన్ వస్తదని తర్వాత తెలిసింది. అప్పటికే బాపు ఎడ్లను బేరం పెట్టిండు!

అందుకే సిలబస్ మీరే చదవండి. మొత్తం ఖర్చు లెక్కేయండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసాకు ఏడాది ఖర్చు చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. పీజీకి పోయే మన పిల్లలకు తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తది. అన్ని దేశాలకూ వర్తించదు, జాబితా చూసుకున్నాకే దరఖాస్తులు పెట్టండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించుకోండి. నాకు వాటి దగ్గరే ఒక ఏడాది పోయింది.