పక్షవాతం రోగిని మళ్లీ మళ్లీ ఆసుపత్రికి ఎందుకు మోస్తున్నాం?

(శ్రీకాకుళం జిల్లాలోని ఒక దళిత పేటలో జరిగిన ఆరోగ్య సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను లెక్కలు చెప్పుకునే మాస్టర్ని, డాక్టర్ని కాను. అయినా పక్షవాతం గురించి మాట్లాడతానని నేనే అడిగి ఈ మైకు దగ్గరకొచ్చాను. ఎందుకంటే ఈ విషయంలో నేను తప్పు చేశాను. ఆ తప్పు మీరు చెయ్యకూడదు.

మా అయ్య బతుకంతా పాలేరుతనం. ఒకనాడు తెల్లారగట్ల ఎడం చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పదిరోజులకి చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి ఇంటికి పంపించారు. చదివి చెప్పినవాడు లేడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అక్షరాలు చదవగలను. కానీ ఏ మాత్ర ఎందుకో, ఎన్నాళ్లు వాడాలో నేను అడగలేదు. తెల్లకోటు ముందు నా నోరు పెగల్లేదు. తరతరాలుగా దొరముందు ‘చిత్తం’ అన్న నోరే కదా నాదీ! కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాను.

ఆరు నెలల్లో మా అయ్యని మూడుసార్లు మళ్లీ మోశాం. మొదటిసారి ఊపిరితిత్తులకి నిమ్ము. మా అమ్మ ప్రేమగా పడుకోబెట్టి చోడి అంబలి పోసింది. అది దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోయింది. రెండోసారి నడుం కింద పుండు, ఒకే పక్కన పడుకుని పడుకుని. మూడోసారి మళ్లీ పక్షవాతమే. బి.పి. మాత్రలు అయిపోయి నెల దాటింది. ‘బాగానే ఉన్నాడు కదన్నా, మాత్రలు ఏటికని మానేసినాం’ అన్నాడు మా తమ్ముడు. ఆసారి మా అయ్య తిరిగి రాలేదు. రెండు మేకలు పోయాయి, మా అమ్మ పుస్తెలు పోయాయి, అప్పు మిగిలింది.

దీన్ని మన పెద్దలు ఖర్మ అన్నారు. ఖర్మ కాదు. ఆ మూడూ ఆపగలిగినవే. ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను, వినండి.

ఒకటి. బి.పి. మాత్ర బాగుపడ్డాక మానేసేది కాదు, బతికున్నంత కాలం వేసుకునేది. బి.పి. తగ్గిందంటే ఆ మాత్ర వల్లే తగ్గింది. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. పక్కింటాయన మాత్ర తెచ్చి వెయ్యకూడదు. ఒకరికి నరంలో నెత్తురు గడ్డకట్టి వస్తుంది, ఇంకొకరికి నరం చిట్లి వస్తుంది. ఒకరి మందు ఇంకొకరికి విషం. ఉప్పుచేప, ఊరగాయ తగ్గించాలి. చుట్ట, సారా మానాలి. ఒళ్లు నొప్పులకి కొట్లో కొనే మాత్రలు బి.పి.ని పెంచుతాయి, కిడ్నీల్ని చెడగొడతాయి. కిడ్నీ జబ్బు అంటే ఏమిటో మన ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రెండు. తిండి కూర్చోబెట్టి పెట్టాలి. చిన్న ముద్దలు, కొంచెం కొంచెంగా. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. నీళ్లు తాగితే దగ్గొస్తోందా, గొంతు గురగురమంటోందా? పొయ్యడం ఆపి డాక్టరుకి చూపించాలి.

మూడు. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. బట్ట తడిస్తే వెంటనే మార్చాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం జారిపోతుంది. మూత్రం గొట్టం ఉంటే సంచి నడుం కన్నా కింద ఉండాలి. చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. గొట్టం ఎప్పుడు తీస్తారో అడగాలి.

నాలుగు. మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబడడం కనిపిస్తే పసరుమందు వద్దు, పావురం నెత్తురు పూయడం వద్దు. 108కి ఫోను చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి, అదీ స్కానింగు తీశాకే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లు దాటి ఉంది. మనకి ఒక్క నిమిషం కూడా ఎక్కువ లేదు.

ఇవన్నీ ఇంటివాళ్లే చెయ్యాలంటే ఇంట్లో మనిషుండాలి కదా? కొడుకు విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో తాపీపనిలో ఉంటాడు. కోడలు కూలికెళ్తేనే పొయ్యి వెలుగుతుంది. ముసల్ది ముసలాణ్ణి ఒక్కత్తే ఎలా ఒత్తిగిలిస్తుంది? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఆసుపత్రి ఖర్చుకి అది ఆదుకుంది, కాదనను. కానీ ఇంటికొచ్చాక రోజూ చూసే చెయ్యి దాన్లో లేదు. 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం రోగికి నెలకి 15,000 రూపాయల పింఛను పెట్టారు. అది భిక్ష కాదు, హక్కు. మన పేటల్లో అర్హత ఉండీ రానివాళ్లెవరో లెక్క తియ్యాలి. సర్టిఫికెట్టు కోసం రోగిని మోయించకుండా ఇంటికొచ్చి చూడమని అడగాలి.

ఇంకా అడగాలి. ఇంటికి పంపేముందు కాగితం తెలుగులో రాసి, చదివి వినిపించాలని అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి. మాత్రలు ఏ నెలా అయిపోకూడదని అడగాలి. కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పే ఫిజియోథెరపిస్టు మండలానికొకరు ఉండాలని అడగాలి. మన పేటకి నర్సమ్మ వస్తే గడప బయట నిలబడి కాదు, లోపలికొచ్చి పుండు చూడాలని అడగాలి.

అడిగేలోపు మనం చేసుకునేది ఒకటుంది. పేటకొక నోటుబుక్కు పెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్ల పేర్లు, మాత్రలు అయిపోయే తారీకు, బి.పి. ఎంత అన్నది అందులో రాయండి. పది చదివిన గుంటలు ఆదివారం ఆదివారం ఆ ఇళ్లకెళ్లి చూడాలి. ముసల్దానికి ఒక పూట సాయం పట్టాలి. సావిత్రీబాయి ఫూలే 1897లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ, ఆ ప్లేగుతోనే చనిపోయింది. ఆ తల్లి ఫొటోకి దండ వేస్తే సరిపోదు.

మా అయ్య కాగితం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఈ రోజు తెచ్చాను. ఎవరింట్లోనైనా ఇలాంటి కాగితం మడిచి ఉంటే, సభ అయ్యాక తీసుకురండి. కూర్చుని చదువుదాం. తెలియంది ఉంటే రేపు ఆసుపత్రికెళ్లి, ఈసారి నోరు తెరిచి అడుగుదాం.

జై భీమ్.